చల్లని చేయి

చిట్టబ్బులు సైకిలు స్టాండేసి
తిరగలి పైరాయి ఎత్తి, వేలితో తడిమాడు.
"పళ్ళూడిపోయాయమ్మా దీనికి,
ఎన్నాళ్ళైంది గింజ కొరికి?"
ఉలితో టక్కుటక్కున
మధ్యాహ్నమంతా గంట్లు పెట్టాడు.
రెండొందలూ, గ్లాసుడు మజ్జిగా.
"ముందు ఊక పోసి తిప్పండి, రాతిపొడి పోవాలి"
అని చెప్పి, మాధవాయిపాలెం రేవు వైపు తొక్కుకుంటూ పోయాడు.

మరలో పట్టిస్తే పోయేదానికి, అంది మా తోటికోడలు ఎస్తేరు.
మరలో పిండి కాలి వస్తుంది.
మనకన్నా ముందెవరో ఆడించిన
మిరపకాయల ఘాటు కూడా వస్తుంది ఉచితంగా.

చోళ్ళు లంకలోంచి వచ్చాయి.
పంటు దిగి మూట చేతికిస్తూ
బుల్లెమ్మాయి గొంతు తగ్గించింది, దొంగసరుకులా.
కాలువలొచ్చి ఊళ్ళన్నీ వరిచేలయ్యాక
చోడంబలి తాగి పెరిగామని
పైకి చెప్పుకోవడం మానేశాం.
పెళ్ళిచూపుల్లో అయితే అస్సలు.

గుప్పెడు పోసి విసిరాను.
రాయి గొంతు సవరించుకుంది,
పాటేం కాదు, గొణుగుడు.
చుట్టూ చల్లగా జారింది పిండి,
వరద తీసిన మర్నాడు
రేవు మెట్ల మీద మిగిలే ఒండ్రు రంగులో.
ఎక్కడి కొండను ఏ తిరగల్లో పోసి విసిరితే వచ్చిందో
మన కాళ్ళ కింది ఈ నేల
అనుకున్నాను,
అనుకుంటూనే తుమ్మాను.

కొలతలు దీనమ్మవి, నోటిలెక్క:
రెండు సోలల పిండి, కోడిగుడ్డంత వెన్న,
చిటికెడు సోడా, పులిసిన మజ్జిగ,
పంచదార రెండు చెంచాలు,
"దొరసాని చూడకపోతే మూడు."
మిషనాసుపత్రి వంటింట్లో
ముప్పయ్యారేళ్ళు చేసిందావిడ స్కోన్లు.
"వెన్న పిండిలో నలగాలి గానీ కరగకూడదే.
చల్లని చేతులోళ్ళకే వస్తుందిది."

నరసాపురంలో, రోహిణికార్తెలో,
చల్లని చేతులట!
కుండలో మోచేతుల దాకా ముంచి తీశాను.
పదకొండో ఏటినుంచి లేసు అల్లిన వేళ్ళివి,
దారాన్ని నొక్కకుండా పట్టుకోవడం
ఇదొక్కటే వచ్చు వీటికి.
వెన్ననూ అలాగే పట్టుకున్నాను.
కరిగింది.
మళ్ళీ కుండ. మళ్ళీ వెన్న.

టీగ్లాసు బోర్లించి గుండ్రాలు కోశాను,
మెలి తిప్పకుండా, తిప్పితే పైకి లేవవట.
ఓవెను మా ఇంట్లో లేదు.
దిబ్బరొట్టె కాల్చే ఇత్తడిగిన్నె ఉంది.
కింద కొబ్బరిడొక్కల నిప్పు,
మూత మీదా నిప్పు.

మొదటి వాయి ముట్టుకుంటే పొడైంది.
గోధుమకున్న జిగురు చోడికి లేదు,
ఒకదాన్నొకటి పట్టుకుని ఉండమంటే ఉండవు.
ఎస్తేరు ఏమీ అనలేదు,
అనకపోవడం ఎలాగో ఆవిడకు బాగా తెలుసు.
రెండో వాయికి గుప్పెడు మినప్పిండి కలిపాను,
దిబ్బరొట్టెను నిలబెట్టేది అదేగా.
పగుళ్ళిచ్చి, ఓ పక్కకొరిగి, నల్లగా
ఆరు లేచాయి.

మీగడా తాటిబెల్లం పాకమూ పట్టుకుని
వేడి మీదే వెళ్ళాను దీనమ్మ ఇంటికి.
ఒకటి తీసుకుని
ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయింది.
"నువ్వు చేసినట్టే కుదిరిందా?"
"ఏమో, నేనెప్పుడు తిన్నాను గనక?
లెక్కపెట్టి లోపలికి పంపేదాన్ని,
మిగిలినవి లెక్కపెట్టి డబ్బాలో పెట్టేవారు.
వాసనొక్కటే నా వాటా.
ఆ వాసన ఇది కాదు."

పళ్ళున్న వైపుకి జరుపుకుని కొరికింది.
నమిలింది.
"ఇది మా అమ్మ పొయ్యే."

తర్వాత చాలాసేపు మాటల్లేవు.
రేవులో పంటు కూత వేసింది.
రెండోది తింది, మీగడ లేకుండా.
మూడోది చెంగున ముడేసుకుంటూ
"సోడా ఎక్కువైందే"
అంది.