చన్నీళ్ళు

కింబర్లీలో వజ్రాల కోసం తవ్విన గొయ్యి
ఇప్పటికీ నోరు తెరుచుకునే ఉంది.
తవ్వకం ఆగి నూరేళ్ళు దాటినా
పూడ్చలేదెవరూ.
టికెట్టు పెట్టి చూపిస్తారు.

దినేయో సెట్లారే బస్సులోంచి అటు చూడదు.
ఆమె సంచిలో నాలుగు మడతల కాగితం:
బాకీ పూర్తిగా చెల్లించడమైనది.

బాకీ ఒక సోఫాది.
సోఫా ఎప్పుడో పోయింది.
స్ప్రింగులు పైకొచ్చి, వీధిలో వానకు నాని,
చివరికి దానిమీద ఎవరిదో కుక్క ఈనింది.
అది పోయాక కూడా ఏడేళ్ళు కట్టింది,
ఆసుపత్రి లాండ్రీలో
ఎవరెవరి నెత్తుటి మరకలో ఉతుకుతూ.

కౌంటర్లో కుర్రాడు కాగితం చూశాడు, తెర చూశాడు.
"తీర్చేశారు, నిజమే.
కానీ ఈమధ్య ఎక్కడా అప్పు చెయ్యలేదు కదమ్మా,
మిమ్మల్ని నమ్మడమెలా?"

మరకల సంగతి ఆమెకు తెలుసు.
తొందరపడి వేణ్ణీళ్ళు పోశావా,
బట్ట ఉన్నన్నాళ్ళూ ఉంటుంది.
చన్నీళ్ళు. మళ్ళీ చన్నీళ్ళు.

పర్సులో డబ్బుండగానే
చిన్నదానికి రెండు జతల స్కూలు మేజోళ్ళు
ఆరు వాయిదాల మీద కొంది.
ప్రతి నెలా గడువుకు రెండ్రోజుల ముందే
క్యూలో నిలబడి కట్టింది.
మార్చిలో అంకె నాలుగు తగ్గింది.
ఎందుకో ఎవరూ చెప్పలేదు.

ఐదో నెల, పదకొండు పెరిగింది.

ఇంటికొచ్చేసరికి చిన్నది
మంచం మీద కాళ్ళాడిస్తోంది.
మేజోడు చిల్లులోంచి
బొటనవేలు బయటికి చూస్తోంది.

దినేయో నవ్వాపుకోలేకపోయింది.
ఇంకో వాయిదా ఉంది.