డబ్బా అడుగు

లెర్విక్ రేవులో తాళ్ళు పట్టేవాణ్ణి నేను.
అబర్దీన్ నుంచి రాత్రంతా ఊగుతూ వచ్చిన ఓడ
పొద్దున్నే విసిరే తాడందుకుని గుంజకు చుడతాను.
అందులో ఉల్లిపాయలుంటాయి, టైర్లుంటాయి, ఉత్తరాలుంటాయి,
మందులషాపు పేరు రాసిన అట్టపెట్టెలో
మా ఓస్లా డబ్బాలుంటాయి.

పాలని పిలుస్తాం గాని
ఏ ఆవుకీ వాటితో చుట్టరికం లేదు.
మూత తీస్తే తుప్పు వాసన,
దుంపలు ఉడికించి మర్చిపోయిన నీళ్ళ వాసన.
ఒకసారి వేలితో నాకి చూశాను,
సాయంత్రం దాకా నాలుక నాది కాదు.
దానికి మాత్రం లోకంలో రుచంటే అదే.

నాలుగో నెలలో ఒళ్ళంతా దద్దుర్లు లేచి
పెదవులు ఉబ్బి, విమానంలో తీసుకెళ్ళిన రాత్రి నుంచి
పాలు, గుడ్డు, సోయా
మా ఇంట్లో బూతుమాటలు.
ఫ్రిజ్ తలుపు మీద సూదిమందు,
దాని పక్కనే మా అమ్మ చేతిరాత:
"ముద్దుపెట్టే ముందు మూతి కడుక్కోండి."

ఇప్పుడు ఇరవై రెండు నెలలు.
"ఇంక మాన్పించండి" అంది ఫోన్ తెరలోంచి డైటీషియన్ మోరాగ్.
వారానికొక ఔన్సు తగ్గించి ఆ చోట ఓట్స్ పాలు.
కాగితం మీద ఎంత సుళువు!

ఔన్సు కలిపాం.
ఒక్క గుక్కతో ఆగింది, మా ఇద్దరి మొహాలూ చూసింది,
దొంగనోటు పట్టేసిన కొట్టువాడిలా సీసా వెనక్కి తోసింది.
అరౌన్సు కలిపాం. తోసింది.
చెంచాడు కలిపాం.
సీసా గోడకు తగిలింది.

నేల తుడుస్తూ కిర్స్టెన్ అంది:
పాలు మాని, గుడ్డు మాని,
ఉత్త దుంపలు తిని ఇచ్చాను కదా ఆ నెలంతా.
నావి పడలేదు. అవి పడ్డాయి.
డబ్బా వంక చూడకుండా అంది.

జనవరిలో గాలి తిరగబడింది.
ఓడ రాలేదు.
రెండో రోజూ రాలేదు.
ఆసుపత్రి నర్సు అల్మరా అంతా వెతికి
వేరే రకం డబ్బా ఒకటి ఇచ్చింది,
ఓస్లా దూరం నుంచే మొహం తిప్పుకుంది.
మా డబ్బా అడుగు గీకి
కత్తివీపుతో మట్టం చేసి లెక్కపెట్టాను:
పదకొండు చెంచాలు.
నీళ్ళెక్కువ పొయ్యొద్దని మోరాగ్ ఎప్పుడో చెప్పింది.
పొయ్యలేదు. చెయ్యి మాత్రం ఒకసారి అటు వెళ్ళింది.

మూడో సాయంత్రం, పని లేకున్నా,
పిల్లని కోటులో దోపుకుని రేవుకి వెళ్ళాను.
ఫ్లాస్కులో కాచిన ఓట్స్ పాలు,
ఇంట్లో ఇంకేం ఉండవు గనక నాకూ అవే.
మూతలో పోసుకుని ఊదుకుంటుంటే
రెండు చేతులూ చాచింది.

"ఇది నీది కాదు" అన్నాను.
ఎత్తు వెయ్యలేదు, నిజంగానే అన్నాను.

గుటక.
తెల్లమీసం.
మళ్ళీ గుటక.

నేను కదల్లేదు.
ఓట్స్ దానికి పడతాయని తెలుసు.
అయినా టార్చి వేసి పెదవులు చూశాను,
మెడ చూశాను, చెవుల వెనక చూశాను.
చూపుకి కూడా అలవాట్లుంటాయి.

నాలుగో పొద్దున ఓడ వచ్చింది.
పెట్టెలో ఆరు డబ్బాలు.
రాత్రి సీసాకి ఇంకా అవే కావాలి, ఏడుస్తుంది.
పగలు మాత్రం ఫ్లాస్కు మూత,
కప్పులో పోస్తే ఒప్పుకోదు.
మూతలేని ఫ్లాస్కుతో పనికి వెళ్తున్నాను,
తోటివాళ్ళు నవ్వుతారు,
టీ తొందరగా చల్లారుతుంది.

షెడ్డులో ఖాళీ డబ్బాలు నలభై మూడు,
మేకులవి, బొత్తాలవి, గాలాలవి.
నిన్న టార్చి కోసం వెళ్తే
కిర్స్టెన్ అక్కడ, చీకట్లో,
ఒక డబ్బాకి ముక్కు ఆనించి నిలబడి ఉంది.

టార్చి తర్వాత తీసుకోవచ్చని
వెనక్కి వచ్చేశాను.