బయలుదేరిన చోటు

మూడో రోజుకి గానీ బుర్రకెక్కలేదు,
అది నాకేసి తిరిగి నిలబడితే
దాని ఎడమ నా కుడి అవుతుందని.
అప్పటికే బెల్యార్మీనో బంగాళాదుంప మడిలో
రెండు రెక్కలు విరగ్గొట్టాను.
ఆయన కంచె మీద మోచేతులానించి
"ఏం నాటుతున్నావ్ ఒతీలియా?
మొలకెత్తితే నాకో పిలక ఇవ్వు" అన్నాడు.

ఉన్ని అమ్మిన డబ్బుతో కొన్నాను, సెకండ్ హ్యాండ్‌ది.
అరకిలో తూగదు. నాలుగు చేతులు, ఒంటి కన్ను.
పెట్టె మూత మీద పాత యజమాని రాసుకున్న మాట:
గాలి చూసుకో.
చిలోయే దీవిలో గాలి చూసుకోమనడం
చేపని తడి చూసుకోమన్నట్టే.

లేచిన ప్రతిసారీ ఫోన్‌లోంచి ఒకావిడ
"ఇంటి చోటు నమోదైంది" అంటుంది.
స్పానిషే గానీ మా వైపు యాస కాదు.
నేను మర్యాదకి "సరేనమ్మా" అంటాను.

నేర్పేది యెర్కో, మా చెల్లెలి కొడుకు. పద్నాలుగేళ్ళు.
వాడి ఓపిక గంటకి తొమ్మిది నిమిషాలు.
"పెద్దమ్మా, పిండి పిసకడం కాదు,
బొటనవేలు ఆనించు. ఊపిరి తగిలినట్టు."
ఇరవై రెండేళ్ళు ఆల్చిప్పల తాళ్ళు లాగిన వేళ్ళివి,
ఉప్పుకి పగిలి, కణుపులు తేలి.
ఊపిరంత తేలిగ్గా దేన్నీ తాకి ఎరగవు.

ఒకరోజు తీతువులు వచ్చాయి.
పచ్చిక తమదే అన్నట్టు జంటగా పైనుంచి దూకి
తిట్టిపోశాయి.
నేను భయపడి స్టిక్కులు రెండూ వదిలేశాను.
పడిపోతుందనుకున్నాను.
గాల్లో అలా నిలబడిపోయింది,
జవాబు తెలీక లేచి నించున్న పిల్లలా
కొంచెం వణుకుతూ.
తీతువులకే విసుగొచ్చి వెళ్ళిపోయాయి.

ఏప్రిల్లో ఓ మధ్యాహ్నం గాలి నిద్రపోయింది.
యెర్కో బడిలో ఉన్నాడు.
పడవలో జలసంధి మధ్యకి తీసుకెళ్ళి
ఐసు పెట్టె మూత మీంచి లేపాను.
"ఇంటి చోటు నమోదైంది."
సరేనమ్మా.

ఇన్నేళ్ళూ నీటి మట్టం నుంచే చూశాను
మా తాళ్ళు మోసే నల్ల డ్రమ్ముల్ని.
పైనుంచి చూస్తే
ఎవరో వరసగా బొత్తాలు కుట్టి
కాజాలు మర్చిపోయిన బూడిదరంగు కోటు.
ఓ మూల మా పడవ. అందులో నేను.
నడినెత్తిన జుట్టు పలచబడిందని
నాకు చెప్పింది అదే.

బ్యాటరీ కీచుమంది.
కంగారుపడితే ఇది నొక్కు అని యెర్కో చూపించిన
ఇంటి బొమ్మ నొక్కాను.
వచ్చింది. బుద్ధిగా, తిన్నగా వచ్చి
నాకు అరవై మీటర్ల అవతల ఆగి
ఖాళీ నీళ్ళ మీదకి
దిగడం మొదలెట్టింది.

పాటు తీస్తోంది, పడవ ఎప్పుడో జారిపోయింది.
పాపం దానికేం తెలుసు,
లేచిన చోటే ఇల్లని రాసుకుంది.

నాకు ఆరేళ్ళప్పుడు మా ఇల్లు నడిచింది.
కింద దుంగలు తోసి, ముందు పన్నెండు జతల ఎడ్లు కట్టి,
ఊరంతా తాళ్ళు పట్టి నీళ్ళ దాకా లాగారు.
పీపాలు కట్టుకుని
కిటికీల దాకా మునిగి
మా ఇల్లు అవతలి ఒడ్డుకి ఈదింది.
మా పిల్లి మాత్రం రాలేదు.
నెల్లాళ్ళ పాటు ఆ పునాది రాళ్ళ మధ్య
పొయ్యి ఉండాల్సిన చోటు చూసుకుని
అక్కడే ముడుచుకుని పడుకునేదట.

ఇంజన్ తాడు లాగాను. అంటుకోలేదు.
తిట్టి మళ్ళీ లాగాను.
తెర మీద ఆరు మీటర్లు. నాలుగు.
దాని గాలికి నీళ్ళ మీద
పళ్ళెమంత గుంట పడుతోంది.
చుక్కాని మోకాలితో నొక్కిపట్టి
ఇంటిని తోలుకెళ్ళి
దాని కిందకి చేర్చాను.

మూత మీద కాదు, తాళ్ళ కుప్పలో దిగింది, ఒక కాలు తడిసి.

సాయంత్రం యెర్కో నవ్వాడు.
"ఆ చోటు మార్చుకునే వీలుంది పెద్దమ్మా, మెనూలో."
ఎక్కడో చూపించాడు, మర్చిపోయాను.
నాకు గుర్తున్నది
ఒడ్డు చేరేదాకా ఒళ్ళో పెట్టుకుంటే
పొదుగు మీంచి లేపిన కోడిలా
దాని పొట్ట ఇంకా వేడిగా ఉండటం.