మూత

కాశీబుగ్గలో మాకు తెల్లారేది
జీడి బట్టీ పొగతో.
తల్లులు బేగి బేగి వస్తారు,
పిక్క రసానికి నల్లబడ్డ వేళ్ళతో
చంటిగుంటల చేతులు నా చేతిలో పెట్టి
వెనక్కి చూడకుండా పోతారు.
చూస్తే పోలేరు.

పదకొండేళ్ళుగా ఈ అంగన్వాడీలో ఆయాని.
పప్పు ఉడకేస్తాను, గుడ్లు ఒలుస్తాను,
మిగతా పొద్దంతా చూస్తుంటాను.
చూడ్డానికి జీతం లేదు.

దమయంతి కొడుకు ఢిల్లేశు
వచ్చినప్పుడు ఏడాదిన్నరోడు.
సత్తు మూత వాయించుకునే మోక్షిత
వాయించడం మాని ఏడిస్తే
వీడి మూతీ వంకర తిరిగేది.
ఎవరి ఏడుపు ఎవరిదో తెలీదు,
ఒకే కుండకి రెండు చిల్లుల్లా కారేవారు.

రెండు నిండేసరికి
ఏడుపు అవతలిదని తెలిసింది.
తెలిసి ఊరుకున్నాడా,
తన సంచీలోంచి అమ్మ పాతచీర ముక్క లాక్కొచ్చి
మోక్షిత ముఖానికి అద్దాడు.
పొగవాసన గుడ్డ. వీడికి అన్నిటికీ అదే మందు.
అది విసిరికొట్టింది.
గుడ్డకేసీ దానికేసీ నాకేసీ చూశాడు,
ఇది అందాక కూడా ఇంకా ఏడుపెలా ఉంటుందని.
నా దగ్గరా జవాబు లేదు.

దాక్కోడం కూడా అంతే.
కుర్చీ కింద తల దూర్చి కళ్ళు మూసుకునేవాడు,
పిర్రలు బైటే.
"మన ఢిల్లేశేడర్రా? ఏ బండెక్కి సోంపేట ఎల్లిపోనాడో!"
అని నేను వెతుకుతుంటే
కుర్చీ నవ్వేది.

గరిటె పడితే పరిగెత్తుకొచ్చి అందించేవాడు.
ఎందుకో వాడికీ తెలీదు.
మధ్యమధ్య నేనే కావాలని పడేసేదాన్ని,
ఆ పరుగు కోసం.

అప్పుడు సూపర్‌వైజరమ్మ చుక్కల కాగితం తెచ్చింది.
సాయం చేసినోళ్ళకి నుదుట ఒక మెరుపు చుక్క.
వారం తిరగలేదు,
గరిటె పడితే ముందు చెయ్యి చాపడం నేర్చాడు.
"సుక్కేదీ?"
చుక్కలైపోయిన మంగళవారం
గరిటె నేల మీదే ఉంది.
ఢిల్లేశు దాన్ని దాటుకుని పోయాడు,
తీరిక లేని పెద్దమనిషిలా.

మళ్ళీ వచ్చిన కాగితాన్ని
గుడ్ల అట్టల అడుగున దాచేశాను.
రిజిస్టరులో ఆ గడి ఖాళీ.
"ఏమ్మా, ఈ నెల ఎవరూ సాయం చెయ్యలేదా?"
"సేస్తన్నారమ్మా, రాయడం మరిసిపోనాను."

వానలు వచ్చి పోయాయి.
ఒకరోజు తపేలా మీద గరిటె లేదు.
దాని చుట్టూ దేవులాడుతుంటే
తలుపు వెనక కిసకిస.
వాడే తీశాడు, బియ్యం డబ్బాలో పెట్టాడు.
నేను తపేలా దగ్గరే వెతుకుతానని
వాడికి ముందే తెలుసు.
తనకి తెలిసింది నాకు తెలీదని తెలుసు!
నా ఒళ్ళు జలదరించింది.
ఇక వీడు అబద్ధమాడగలడు.
ఇక వీడికి నా మీద జాలీ పుట్టొచ్చు.

నిన్న మోక్షిత మళ్ళీ ఏడ్చింది.
వాళ్ళమ్మకి వేలు కాలి బొబ్బెక్కిందట,
విసుక్కుంటూ దింపిపోయింది.
ఢిల్లేశు సంచీ తెరిచాడు, చీర ముక్క తీశాడు,
రెండడుగులు వేశాడు.
ఆగాడు.
దాన్ని చూశాడు. గుడ్డని చూశాడు.
గుడ్డ మళ్ళీ సంచీలో కుక్కి
బియ్యం బస్తాల వెనక్కి పాక్కుంటూ పోయాడు.
జుట్టంతా బూజుతో బయటికొచ్చాడు,
చేతిలో సొట్టపడ్డ సత్తు మూత,
మూడ్రోజులుగా కనపడనిది.
మోక్షిత ఒళ్ళో పడేసి
ఏమీ అనకుండా పక్కన కూచున్నాడు.

నేను భళా అనలేదు.
బుగ్గ గిల్లలేదు.
కాసేపటికి మూత నాదంటే నాదని
ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు.
విడదీద్దామని లేస్తే
నా చేతిలో గరిటె జారింది, ఈసారి నిజంగానే.
వాడికి తీరిక లేదు.
నేనే వంగి తీసుకున్నాను.