ఖాళీ కూత

వారమంతా మిర్చి యార్డులో కాటా దగ్గర ఉంటాను.
టిక్కీ ఎక్కుతుంది, ఎర్రంకె వెలుగుతుంది, రాస్తాను.
ఆదివారం అదే పెన్నుతో
లాడ్జి సెంటరు వెనక మట్టి కోర్టులో
ఆడపిల్లల కబడ్డీకి లెక్క రాస్తాను.

కుడి మూల నాగశిరీష: పట్లు పదకొండు.
ఎడమ మూల కట్టెపోగు దీవెన: రెండు.
ఆ రెండూ పోయిన నెలవి.

నేనే రాశాను. తప్పు లేదు.
మరి బెజవాడ నుంచి వచ్చిన ఆ పొడుగుపిల్ల,
కూతకొస్తే జట్లు జట్లే వెనక్కి జరిగే పిల్ల,
మధ్యగీత దాటి నాలుగడుగులేసి
దీవెన వంక ఒక్కసారి చూసి
ఎందుకు నాగశిరీష వైపే తిరుగుతుంది?

దీవెన ఏమీ చెయ్యదు.
అన్నం ఉడికిందా అని గిన్నెలోకి తొంగిచూసే మనిషిలా
కొంచెం వంగుతుంది, ఎడమ మడమ లేపుతుంది.
అంతే.
కబడ్డీ కబడ్డీ అనే ఆ గొంతులో
డావత్తు జారిపోతుంది.
బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి, నాకు వినపడుతుంది.
దానికి గడి లేదు.

వట్టిచేతుల్తో వెనక్కి పోయిన కూతకి
అడ్డగీత ఒకటి గీస్తాం.
ఆ గీత ఎవరి పేరు మీదా పడదు.

నా భ్రమేమో అని కూడా అనుకున్నాను.
అటు ఎండ కళ్ళల్లో కొట్టొచ్చు,
మొన్నటి వానకి మట్టి మెత్తబడి ఉండొచ్చు.
పోనిచోటుకి ఎందుకు పోలేదో ఎవరు రుజువు చేస్తారు?
సగం ఆటకి వైపులు మారారు.
ఎండ ఆ పిల్ల వీపు మీదికొచ్చింది,
పొడిమట్టి దీవెన కాళ్ళ కిందికొచ్చింది.
మళ్ళీ నాగశిరీష వైపే.

జిల్లా జట్టుకి పిల్లల్ని ఎంచే సారు
నరసరావుపేట బస్సు దిగి వచ్చేసరికి ఆట అయిపోయింది.
కళ్ళజోడు నుదుటికెత్తి పుస్తకం అడిగాడు.
వేలు కిందికి దిగుతూ పదకొండు దగ్గర ఆగింది.
రెండు దగ్గర ఆగలేదు.

"సార్, ఆ ఎడమ మూల అమ్మాయి..."
"ఎన్ని పట్లు?"
రెండన్నాను. ఇంకేమనను?

యార్డులో కొనేవాడు ముందు నా కాటా వంక చూడడు.
టిక్కీలోంచి ఒక కాయ లాగి విరుస్తాడు, దగ్గుతాడు.
దగ్గుని బట్టే బేరం.
నలభై రెండు కిలోలని చెప్పే నా కాటా
ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి దగ్గలేదు.

పోతూ పోతూ దీవెన బల్ల దగ్గర ఆగింది,
మోకాలి మట్టి దులుపుకుంటూ.
"నాకెన్నన్నా?"
"ఇయ్యాళేం లేవమ్మా."
"ఆ పొడుగమ్మాయికి?"
"శిరీష వైపు మూడు."
"నా వైపు?"
వెతికాను. "ఏం లేవు."
"అయితే సరే," అని చెప్పులేసుకుంది.

రాత్రి పుస్తకం వెనక అట్ట లోపల
పెన్సిలుతో చుక్కలు పెట్టాను,
ఆ పిల్ల అటు చూసి తిరిగిపోయిన ప్రతిసారికీ ఒకటి,
గుర్తున్నంత మటుకు.
పంతొమ్మిది.

అదీ అంకే కదా అని
రబ్బరు చేతిలో పెట్టుకుని
చాలాసేపు కూర్చున్నాను.