నిమ్మళం

కోయిలకొండ అవతల రాళ్లగుట్టల నడుమ
ఈదన్న మంద.
తెల్లారకముందే పోయిన, జేబుల ఐదు నూర్లు వెట్టుకొని.
తోడేలు మూడు పిల్లల్ని ఎత్తుకపోయిన వారమది.
నాకు కావాల్సింది ఒక్కటే,
పండ్లున్న కుక్క.

ఈదన్న కుక్కపిల్లల్ని చూపెట్టలే.
కూసోమన్నడు. చాయ పోసిండు.
ఊదకుండనే తాగిన. నాలుక కాలింది.
గ్లాసు బండమీద టక్కుమని వెట్టిన.
ఆయన గ్లాసును చూసిండు,
తర్వాత నా చేతిమీది గీరును చూసిండు.
"నిన్న ఎవరితోటి కొట్లాడినవు?"

ఊశన్నతోటి. పల్లిచేను గెట్టు కాడ.
చెప్పలే.

అప్పుడు తడిక తీసిండు.

ఎర్రది ఒకటి ఉరికొచ్చి నా ధోతి కొస పట్టింది,
గుర్రుమంటు గుంజింది, చింపింది.
"ఇదే అన్నా. ఇదియ్యి."
"ఇది మా అక్క కొడుకు మన్నెంకు.
గొర్రె పక్క చేన్ల వడ్డా పిలువనీకె సిగ్గు వానికి.
వానికి ఇదొక నోరైతది.
నీకు నోరున్నది గదరా.
రెండు నోర్లు గలిస్తె
మంద తెల్లారెదాక నిలవడే ఉంటది.
పండుకోని గొర్రె పాలు చేపదు."

మూలకు ఒకటి. బూడిదరంగు, ఒక చెవి మడతవడ్డది.
అన్ని ఉరికినంక లేచింది.
నాలుగడుగులేసి ఆగింది,
ఎనక్కి మళ్లి తల్లిని చూసింది,
మళ్ల నాలుగడుగులు.
"పిరికిది" అన్న.
"అడిగి నడుస్తది" అన్నడు.

సత్తుగిన్నెను బండకేసి దనుమని కొట్టిండు.
ఎర్రది మొరిగింది. మిగిలినవి గంప సాటుకు ఉరికినయి.
ఇది ఉలిక్కిపడి అంత దూరం పోయి
మెల్లగ మళ్లొచ్చి
గిన్నెను వాసన చూసింది.

పైసలు తీసుకోలే ఈదన్న.
"ఏడాది దాకా దీన్ని కొట్టొద్దు.
కొట్టేటట్టుంటె ఇప్పుడే చెప్పు, ఇంకోనికిస్త."
జవాబియ్యలే నేను. తువ్వాలల సుట్టుకొని బయలెల్లిన.
తొవ్వ పొడుగున సంకల ఉచ్చ పోసింది.
తొవ్వ పొడుగున తిట్టిన.

పేరు బుగ్గమ్మ వెట్టింది, నిమ్మళం అని.
కుక్కకే వెట్టిందో, నాకు వెట్టిందో.
ఇగ చూడు,
మంద చెదిరినప్పుడల్లా గుట్ట మీద నిలవడి
గొంతు చినిగేటట్టు
"నిమ్మళం! ఓ నిమ్మళం!" అని నేను మొత్తుకుంటుంటె
పత్తి ఏరే ఆడోళ్లు కొంగులు నోటికడ్డం వెట్టుకొని నవ్వుడు.

రెండో వానలకు జొన్నల వడ్డయి గొర్లు.
చేను యజమాని మాటలు ఒక దిక్కు, వాన ఒక దిక్కు.
కట్టె లేపిన.
అది ఉరకలే.
నాలుగడుగులు ఎనక్కేసి, ఆగి, నా మొఖం చూసింది,
ఈ పని ఎట్ల చేద్దామని అడిగినట్టు.
కట్టె దించిన అంటె అబద్ధం.
విసిరిన. బలమంత వెట్టి, గుట్ట మీదికి.
అది పోయి
నోట కరుసుకొచ్చి నా కాళ్ల కాడ వెట్టింది.

తోడేలు రాలేదని కాదు. వచ్చింది.
నిమ్మళం దాని ఎంట వడలే,
రాత్రంత మంద సుట్టు తిరిగింది, మొరగకుండ,
ఒక్కో సుట్టుకు ఒకసారి నా గొంగడి కాడ ఆగి.
తెల్లారి లెక్కవెడితె ఒకటి తక్కువ.
పోయిన ఏడు తొమ్మిది.

మన్నెం జాతరల కలిసిండు. ఎర్రది వాని పక్కన.
ఊరందరితోటి మాట్లాడుతున్నడు వాడు.

ఇయ్యాల మంద ఊశన్న చేన్లనే వెట్టిన.
ఎరువుకు ఆయనే పిలిపిచ్చిండు,
ఇద్దరు మనుషుల నడుమ వెట్టి, తాను రాకుండ.
పొద్దుగూకినంక గెట్టు మీదికి వచ్చి
చానాసేపు నిలవడి
కుక్క పేరేందన్నడు.

చెప్పిన.
మళ్లొకసారి చెప్పమన్నడు.
ఇనవడలేదట.