వంపు

మా దీవిలో పరిగెత్తడానికి ఒకటే చోటు, విమానాల బాట.
వారంలో మూడుసార్లు అది విమానానిది.
మిగతా పొద్దులన్నీ పిల్లలవి, కుక్కలవి,
ఉక్కపోసిన రాత్రి చాప చంకనపెట్టుకొచ్చి పడుకునేవాళ్ళవి.
సైరన్ మోగితే అందరం పక్కకి తప్పుకుంటాం.
అట్లా మధ్యలో తెగిపోయిన పరుగులు
నా స్టాప్‌వాచీలో ఎన్నున్నాయో.

దీవుల ఆటలకి ఇంక పదకొండు వారాలు.
ఇయోనె పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి ఎత్తుతున్నాడు.
ఎడమ డబ్బా కాస్త ఎక్కువ తూగుతుందని
రోజు విడిచి రోజు అటు తిరిగి నిలబడతాడు.
ఈతపిల్లలకి మడుగుంది, గోడ లేదు,
పడవ అంచుని తన్ని వెనక్కి మళ్ళుతున్నారు.
పువాకేనాది రెండువందల మీటర్లు.
తాడేసి కొలిచిచ్చాను, గీసినట్టు తిన్నగా.

"పోటీలో అది వంపులో మొదలవుతుందట కదా టీచర్,
వంపంటే ఎంత వంపు?"

పదహారేళ్ళ పిల్ల.
ఇటు సముద్రం, అటు మడుగు,
నడుమ తీగ మీద ఆరేసిన తువ్వాలంత నేల.
ఆ కాళ్ళకి తిరగడం ఎవరు నేర్పుంటారు?

పుస్తకం తీశాను. ముప్ఫయ్యారున్నర మీటర్ల తాడు,
ఒక మేకు, చుట్టూ ఒక నడక.
గవ్వసున్నం చల్లుకుంటూ పోతే
నా గీత చర్చి వెనకనుంచి, వాలీబాల్ స్తంభాన్ని రాసుకుని
సరాసరి సెమెసె పందులదొడ్డిలో దూరింది.

సెమెసె గీతని చూశాడు. నన్ను చూశాడు.
"ఇది మా తాత కట్టిన దొడ్డి," అన్నాడు.
తలుపేసుకున్నాడు.

ఆ రాత్రి పున్నమి పోటు.
ఇక్కడ నీళ్ళు ఒడ్డు దాటే రానక్కర్లేదు,
పాదాల కిందనుంచి ఊరతాయి.
తెల్లారేసరికి సున్నం చుక్క మిగల్లేదు.
మేకు పీకేద్దామని వెళ్ళాను.
దొడ్డి జరిగింది.
నా గీత నడిచిన చోటల్లా కంచె నడిచింది,
కర్ర పక్కన కర్ర, చంద్రవంకలా.
"నీళ్ళొచ్చాయి, ఎట్లాగూ జరపాల్సొచ్చింది,"
అన్నాడు సెమెసె, నా మొహం చూడకుండా.

వంపు తిరిగిన పందులదొడ్డి
ఏ దీవిలోనైనా ఉందో లేదో నాకు తెలీదు.

ఎడమ భుజం దించు. కుడిచెయ్యి బారుగా ఊపు.
భయపడి నిటారుగా లేచావా, బయటికి విసిరేస్తుంది.
మొదటివారం రెండు మోకాళ్ళూ పగడపురాళ్ళకి ఇచ్చుకుంది.
కంచె లోపలినుంచి పందులు దానితో పాటే పరిగెత్తాయి.
ఓ సాయంత్రం ఆగి, నడుం పట్టుకుని అంది:
"బాట మీదైతే చివర ఎప్పుడూ కనపడుతుంది టీచర్.
ఇందులో కనపడదు."

దానికి చెప్పడానికి నా దగ్గరేముంది?
పంతొమ్మిదేళ్ళ కింద నేనూ ఒక వంపులో నిలబడ్డాను.
నాలుగో అడుగుకి పక్కదాని గీత తొక్కాను.
ఆ ఫలితాల కాగితం ఇంకా దాచుకున్నాను,
నా పేరు ఎదురుగా అంకె లేదు.
పిల్లలెవరికీ చూపించలేదది.
ఆ రోజు పువాకేనాకి చూపించాను.
చదివి, మడిచి, చేతికిచ్చి
మళ్ళీ మేకు దగ్గరికి నడిచింది.

విమానంలో పెద్దవాళ్ళకి రెండే సీట్లు,
మేనేజరుకొకటి, నర్సుకొకటి.
సైరన్ మోగింది. అలవాటుగా పక్కకి తప్పుకున్నాం.
చక్రాలు కదలగానే నా బొటనవేలు
దానంతటదే స్టాప్‌వాచీ నొక్కింది.
తిన్నగా, తిన్నగా, చివరిదాకా పోయి లేచి
మడుగు మీద, ఎడమరెక్క దించి,
మెల్లగా తిరిగింది.

"ఎంత?" అడిగాడు సెమెసె.
నేనింకా ఆపలేదు.